పాత చీటీ

(కొమురవెల్లిలో జరిగిన ఆరోగ్య సభలో మా సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మల్లన్న జాతర ఆదివారాలు ముగిశాక సభ పెట్టుకున్నాం కాబట్టి బస్సుల్లో చోటు దొరికింది, ఇంతమంది రాగలిగారు. సంతోషం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో పేదలకు మందులు ఇప్పిస్తున్నాం. మోకాళ్ళ నొప్పులున్న ఒక తల్లికి రెండేళ్ళపాటు ఒకే చీటీ మీద మాత్రలు కొనిచ్చాం. ఆమె ముఖం గుండ్రంగా నిండుకుంటే ఒళ్ళు చేసిందని మురిసిపోయాం. షుగర్ పెరిగి, గడప దగ్గర కాలు జారి తుంటి విరిగాక తెలిసింది, అవి స్టెరాయిడ్ మాత్రలని. డాక్టర్ రాసింది కొద్ది రోజులకే. పొడిగించింది మేమే.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1948లో అమెరికాలో కీళ్ళవాతంతో కదలలేని రోగికి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. చిక్కంతా ఆ వేగంతోనే. సూది పడగానే నొప్పి పోతుంది, రోగం పోయిందనుకుంటాం. పేరు రాయని పొట్లం మాత్రలకు మన పల్లెల్లో గిరాకీ అందుకే.

మిల్లీగ్రాములు చూసి మందు బలం అంచనా వేయకండి. డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాములు సుమారు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానం. కరోనాకు 2020లో బ్రిటన్ పరిశోధనలో తేలిన మోతాదు కూడా రోజుకు ఆ 6 మిల్లీగ్రాములే, అదీ 10 రోజులకు మించకుండా. ఆక్సిజన్ అవసరమైనవారికే మేలు జరిగింది. 2021లో మనవాళ్ళు జ్వరం రాగానే ఇంట్లోనే మింగారు. అదుపు తప్పిన షుగర్, విచ్చలవిడి స్టెరాయిడ్ కలిసి ఎందరినో బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి చేర్చాయి.

ఇంతా విని రేపే మాత్ర మానేయకండి, అది ఇంకా ప్రమాదం. మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు మనకు కావలసిన స్టెరాయిడ్‌ను తామే తయారు చేస్తాయి. బయటి నుంచి మూడు వారాలకు మించి అందితే అవి పని తగ్గించుకుంటాయి. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి. ఆపరేషన్‌కు, పంటి వైద్యానికి వెళ్ళినా ఈ మందు వాడుతున్నామని చెప్పాలి.

రోజుకొక్కసారి వేసుకునే మాత్రను ఉదయం తిన్నాక వేసుకోవాలి. రంజాన్‌లో సహర్ తిన్నాక వేసుకుంటే సరిపోతుంది. రెండు మూడు పూటలు వాడేవారు, షుగర్ ఉన్నవారు నెల మొదలుకాకముందే డాక్టర్‌ను కలవండి. రోగికి రోజా మినహాయింపు ఉంది, మొండితనం వద్దు. దమ్ముకు పీల్చే స్టెరాయిడ్ మోతాదు చాలా తక్కువ, భయం లేదు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. తామరకు, ముఖం తెల్లబడటానికి దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబులతో మాత్రం జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే దురద తగ్గినా తామర పాకుతుంది, ముఖం చర్మం పలచబడుతుంది.

ఈ ఏడాది నుంచి మా దగ్గరికి వచ్చే ప్రతి చీటీపై తేదీ, ఎన్ని రోజులకో చూస్తున్నాం. గడువు దాటితే మందుల డబ్బు బదులు డాక్టర్ ఫీజు, బస్సు చార్జీ ఇస్తున్నాం. ఖర్చు పెరిగింది. ఆ లెక్క కూడా ఈ సంచికలో చూస్తారు.