ఇక్కడ ఎస్సీ కాదు, అక్కడ లోకల్ కాదు: వలస బిడ్డలకు ఆసుపత్రి చదువులు

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండో తరగతి తర్వాత ఆసుపత్రుల్లో ఏయే చదువులు, ఏయే ఉద్యోగాలు ఉంటాయో పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. అయితే కోర్సుల పేర్లు చదివి దిగిపోతే మీకు సగమే చెప్పినట్టు. ఆ కోర్సుల దాకా మన పిల్లలు ఎందుకు చేరలేకపోతున్నారో కూడా మాట్లాడుకోవాలి. నా పరిశోధన ఆసుపత్రి పనిలో కులం గురించే. దానికి మూలం మాత్రం ఈ లింబాయత్‌లోని మా ఇల్లే.

పెద్దాసుపత్రి మనకు కొత్త కాదు. ఉమర్‌వాడలో బాంబే మార్కెట్ ఎదురుగా మున్సిపల్ కార్పొరేషన్ వారి స్మిమేర్ ఉంది. మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా న్యూ సివిల్ ఉంది. రెండూ టీచింగ్ ఆసుపత్రులే. అక్కడికి పోయినప్పుడు మనకు డాక్టరు కనపడతాడు, నర్సు కనపడుతుంది. మిగతావాళ్ళు కనపడినా వాళ్ళ పని ఏమిటో మనకు తెలియదు.

సాంచె మీద పనిచేసే ఒకాయన చెయ్యి మిషన్లో పడి నలిగిందనుకుందాం. ఎమర్జెన్సీలో డాక్టరు చూస్తాడు. ఎక్స్‌రే తీసేది రేడియోగ్రాఫర్. రక్తం గ్రూపు చూసి, సరిపోతుందో లేదో పరీక్షించి, బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం పంపేది ల్యాబ్ టెక్నీషియన్. ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషన్ సిద్ధం చేసేది అనస్థీషియా టెక్నీషియన్. కత్తులు, కత్తెరలు సూక్ష్మజీవి లేకుండా శుద్ధి చేసి పంపడానికి ఒక ప్రత్యేక విభాగం ఉంటుంది. కుట్లు మానాక ఆ వేళ్ళు మళ్ళీ దారం పట్టేలా చేసేది ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. రేపు నష్టపరిహారం అడగాలంటే కావలసిన కేస్ షీటును భద్రంగా ఉంచేది మెడికల్ రికార్డుల విభాగం. ఒక్క చెయ్యి వెనుక ఇంతమంది చేతులున్నాయి.

వీళ్ళందరినీ ఇన్నాళ్ళూ 'పారామెడికల్' అని ఒక్క మాటతో తేల్చేసేవారు. 2021లో పార్లమెంటు వీళ్ళ కోసం ఒక చట్టం చేసింది. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం అది. ఈ వృత్తులను పది వర్గాలుగా విభజించింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల శిక్షణ ఉన్న డిప్లొమా లేదా డిగ్రీ కావాలంది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అయితే కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తాయి.

ఇప్పుడు మా అమ్మ గురించి. మా బాపు కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి బట్టల మార్కెట్‌లో పార్సిళ్ళు మోశాడు. అమ్మ ఇరవై ఏళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద సఫాయి పని చేసింది. ల్యాబులో రక్తం ఒలికితే పిలిచేది ఆమెనే. తుడిచీ తుడిచీ ఆమెకు కొన్ని విషయాలు వచ్చేశాయి. ఊదా రంగు మూత ఉన్న గొట్టం రక్తకణాల లెక్కకు, బూడిద రంగు మూతది షుగర్ పరీక్షకు అని మాకు చిన్నప్పుడే చెప్పేది. కొత్తగా చేరిన ట్రైనీలు తికమకపడితే మెల్లగా సైగ చేసేదట. ఆ తెలివికి ఏ సర్టిఫికెట్టూ రాలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమె హోదా అదే, కాంట్రాక్టరు మాత్రం నాలుగుసార్లు మారాడు.

కులమంటే పని విభజన ఒక్కటే కాదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విభజించడమని బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు. ఆ మెట్లు చూడాలంటే పెద్దాసుపత్రికి పోయి ఒక పూట కూర్చుంటే చాలు. మన ఊళ్ళలో కాన్పు చేసి బొడ్డు కోసిన మంత్రసానులు ఎవరు? చాలా చోట్ల మాదిగ, మాల, మంగలి ఆడవాళ్ళే. రక్తం, మాయ, శవం అంటు అనుకున్నన్నాళ్ళూ అది మన పని. అదే రక్తం పరీక్ష, జీతం, హోదా అయ్యాక దానికి సైన్సు మార్కులు, ఫీజు, సర్టిఫికెట్టు కావలసి వచ్చాయి. ఒలికిన రక్తం తుడిచే పని మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

మా ఇంట్లో ఈ వరుస మార్చాలనుకున్నది మా చెల్లెలు. మున్సిపల్ తెలుగు మీడియం బడిలో చదివింది. తర్వాత హిందీకి మారి, సైన్సు మాటలన్నీ కొత్తగా నేర్చుకుని పన్నెండో తరగతి పాసైంది. ల్యాబ్ టెక్నాలజీ కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి బాపు కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాం. కౌంటర్లో ఆయన పత్రం చూసి, "ఇది తెలంగాణది, ఇక్కడ చెల్లదు, జనరల్‌లో పెట్టుకోండి" అన్నాడు. జనరల్‌లో సీటు రాలేదు.

ఆయన తప్పేమీ చెప్పలేదు. చట్టమే అట్లా ఉంది. రాజ్యాంగం 341, 342 అధికరణల ప్రకారం ఎస్సీ, ఎస్టీ జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. దీని మీద మొదటి పెద్ద తీర్పు కూడా ఒక తెలుగు విద్యార్థి మెడికల్ సీటు గురించే వచ్చింది. మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ, ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగంతో బొంబాయికి పోయాడు. కొడుకు అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. ఒక రాష్ట్రపు హోదా ఇంకో రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు రాష్ట్రాల జాబితాల్లో ఒకే కులం పేరున్నా వలస వచ్చినవారికి వర్తించదని 1994లో ఇంకో తీర్పు వచ్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది.

ఒక విచిత్రం చూడండి. గుజరాత్ ఎస్సీ జాబితాలో 'తెలుగు మోచీ' అనే పేరుంది, 'మాదిగ్' అనే పేరు కూడా ఉంది. అంటే మన భాష, మన కులం ఆ కాగితం మీద ఉన్నాయి. ఆ తర్వాత పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనమే అందులో లేము.

కోర్టుల తర్కం ఏమిటంటే, ఒక కులం పడే కష్టం ఆయా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది, చోటు మారితే అది మారవచ్చు. నేను ఒక్కటే అడుగుతాను. ఇదే లింబాయత్‌లో ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిటోళ్ళు?" అని తెలుగులోనే అడిగారా లేదా? కులం మనతోపాటు అదే రైలెక్కి వచ్చింది. దానికి విరుగుడుగా ఇచ్చిన హక్కు మాత్రం రాష్ట్రం సరిహద్దులో దిగిపోయింది.

సరే, సొంత రాష్ట్రానికి పోయి చదువుకోమంటారు. అక్కడ 371-డి అధికరణ, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నాయి. 85 శాతం సీట్లు లోకల్ విద్యార్థులకు. నాలుగేళ్ళు అక్కడ చదివితేనే లోకల్. సూరత్‌లో చదివిన పిల్ల నాన్‌లోకల్. మెడికల్ సీట్ల విషయంలో తెలంగాణ నాలుగేళ్ళ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అందులో ప్రభుత్వోద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికులు బయటి రాష్ట్రాల్లో పనిచేస్తే వాళ్ళ పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు న్యాయమైనదే. పార్సిళ్ళు మోయడానికి వచ్చినవాడి బిడ్డకు అదెందుకు లేదు? ముప్పై ఏళ్ళ దండోరా పోరాటం తర్వాత 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. మా వాడలో మిఠాయిలు పంచుకున్నాం. మా చెల్లెలికి దాని వల్ల ఒక్క సీటు కూడా దగ్గర కాలేదు. ఇక్కడ ఎస్సీ కాదు, అక్కడ లోకల్ కాదు.

ఈ రెండు తలుపులూ మూసుకుంటే మూడోది తెరిచి కూర్చునేవాళ్ళు ఉంటారు. షాపింగ్ కాంప్లెక్సు రెండో అంతస్తులో ఒక ఇన్‌స్టిట్యూట్. మా చెల్లెలు అరవై వేలు కట్టింది. ఒకే మైక్రోస్కోపు, ఆసుపత్రి శిక్షణ లేదు. ఏడాది తర్వాత ఇచ్చిన కాగితాన్ని పెద్దాసుపత్రి ఇంటర్వ్యూలో పక్కన పెట్టేశారు. ఇప్పుడు ఒక చిన్న ల్యాబు కోసం ఇల్లిల్లూ తిరిగి రక్తం సేకరిస్తోంది. చేసేది టెక్నీషియన్ పని, వచ్చేది హెల్పర్ జీతం.

అందుకే పిల్లలకు కొన్ని మాటలు. ఫీజు కట్టేముందు మూడు అడగండి: ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉంది, ఏ ఆసుపత్రిలో శిక్షణ ఇస్తారు, మొత్తం ఎన్ని గంటలు? 2,000 కంటే తక్కువంటే లేచి వచ్చేయండి. రెండోది, బాపు ఊరి కుల పత్రం పారేయకండి. దాని ఆధారంగా వలస వచ్చినవారికి ఇక్కడి అధికారులు కూడా పత్రం ఇవ్వవచ్చు. రాష్ట్ర సీట్లకు అది చెల్లదు కానీ కేంద్ర సంస్థల్లో, కేంద్ర ఉద్యోగాల్లో చెల్లుతుంది. రాజ్‌కోట్, బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లు కేంద్రానివే. వాటి అలైడ్ హెల్త్ కోర్సుల ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఇక్కడికి వచ్చిన పరిశోధకులకు, సంఘాల పెద్దలకు నా మాట వేరు. 1990 తీర్పులోనే వలస వెళ్ళినవారి కష్టాన్ని చట్టసభలు ఆలోచించాలని కోర్టు సూచించింది. ఇన్నేళ్ళయినా ఆ చట్టం రాలేదు. దాన్ని అడగాలి. గుజరాత్ దళితులకున్నది 7 శాతం. అందులో వాటా అడిగి వాల్మీకి, వణకర్ పిల్లల నోటి ముందు ముద్ద లాక్కోవడం మన ఉద్యమం కాకూడదు. వలస దళిత పిల్లలకు అదనపు సీట్లు అడుగుదాం. లోకల్ నిబంధనలో వలస కార్మికుల పిల్లలకు మినహాయింపు కోసం తెలంగాణ ప్రభుత్వాన్ని అడుగుదాం. ఏళ్ళ తరబడి వార్డుల్లో, ల్యాబుల్లో పనిచేసిన కాంట్రాక్టు సిబ్బందికీ వాళ్ళ పిల్లలకూ అదే ఆసుపత్రి కోర్సుల్లో చోటు అడుగుదాం.

ఈ ప్రసంగానికి వస్తుంటే అమ్మ ఒక మాట అంది. "పిల్లలకు గొట్టాల రంగులు చెప్పు, పరీక్షలో వస్తాయి" అని. ఇందాక చెప్పాను కదా, రాసుకోనివాళ్ళు రాసుకోండి. ఊదా రక్తకణాలకు, బూడిద షుగర్‌కు.

జై భీమ్.