నెమ్మదిగా ఉరికే రోజు: ఈవెంట్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్ళ కోసం

టేకుమట్ల నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఎపిసోడ్‌లో 400 మీటర్ల రిపీట్స్ గురించి చెప్పుకున్నాం కదా. అది చూసి మన ఊరి తమ్ముడొకడు ఫోన్ చేసిండు. "అన్నా, రోజూ కొడుతున్నా. టైమ్ తగ్గుతలేదు, పెరుగుతాంది" అన్నడు. రోజూ కొట్టమని నేను చెప్పలేదు. కానీ మరుసటి రోజు ఏం చెయ్యాలో కూడా చెప్పలేదు, ఆ తప్పు నాది. ఈరోజు ఆ మరుసటి రోజు గురించే.

ముందు లెక్క చూద్దాం. 2022 పోలీస్ నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. ఆడవాళ్ళకి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. 1600 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు. కిలోమీటరుకు చూస్తే 4 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి.

నా సంగతి చెప్తా. ఆ ఏడు ప్రిలిమ్స్ పాసైన. డిసెంబర్‌లో ఈవెంట్స్. రోజూ పొద్దున 1600 ఫుల్ స్పీడ్‌లో కొట్టేది. మొదటి రెండు వారాల్లో 7:40 నుంచి 7:20కి వచ్చిన. మస్తు ఖుషీ. మూడో వారం టైమ్ అక్కడే ఆగింది. ఆగిందని ఇంకా గట్టిగా కొట్టిన. నాలుగో వారం కాలు కింది ఎముక లోపలి వైపు నొప్పి మొదలైంది. మలాం రాసుకొని మళ్ళీ ఉరికిన. ఈవెంట్స్ రోజు మూడో రౌండ్‌లో కాలు పట్టేసింది. 7:31. పదహారు సెకన్లు తక్కువ కాలేదు, అంతే. రాత పరీక్షకు చదివిన చదువంతా ఆ పదహారు సెకన్ల కాడ ఆగిపోయింది.

అసలు ఏం జరిగిందంటే, గట్టిగా ఉరికినప్పుడు శరీరం బలపడదు, కొంచెం దెబ్బతింటది. ఆ దెబ్బను బాగు చేసుకునేటప్పుడు మునుపటికన్నా గట్టిపడతది. కండరాల్లో దాచుకున్న శక్తి మళ్ళీ నిండాలంటే ఒక రోజు పడుతుంది, కండరాల నొప్పి తగ్గడానికి రెండు మూడు రోజులు కావచ్చు. గుండె, ఊపిరి తొందరగా అలవాటు పడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు మాత్రం నెలల మీద గట్టిపడతాయి. అందుకే మూడో వారానికి ఊపిరి "పద" అంటది, కాలి ఎముక "ఆగు" అంటది. నేను ఊపిరి మాటే విన్న.

మరి మరుసటి రోజు పండుకోవచ్చు కదా, ఉరకడం ఎందుకు? కొందరు "లాక్టిక్ యాసిడ్ పోవడానికి" అని చెప్తారు. అది నిజం కాదు. ఆ యాసిడ్ గట్టిగా ఉరికిన తర్వాత గంట, గంటన్నరలో దానంతట అదే పోతది. రికవరీ రన్ లాభం వేరే. కొత్త దెబ్బ తగలకుండా వారంలో ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు కలుస్తాయి. దమ్ము పెరిగేది ఆ కిలోమీటర్లతోనే. 1600 అంటే స్పీడ్ పందెం అనుకుంటాం గానీ, అందులో ఎక్కువ భాగం దమ్ము పనే.

ఇది కొత్త ముచ్చట కాదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన దగ్గరి 800 మీటర్ల రన్నర్‌తో కూడా వారానికి 100 మైళ్ళ దాకా ఉరికించేవాడు. పందేనికి ముందు నెలల్లో ఎక్కువ దూరం ఊపిరి తట్టుకునే స్పీడ్‌లోనే. ఆ రన్నర్ పీటర్ స్నెల్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల గోల్డ్ కొట్టిండు. కెన్యా ఎలియుడ్ కిప్చోగే 2022 బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించిండు. అంటే కిలోమీటరుకు 2:52. అదే మనిషి తేలిక రోజున కిలోమీటరుకు నాలుగు నిమిషాలు దాటిస్తడు. ఆ పోలికన 4:32 టార్గెట్ ఉన్న మనం ఏడు నిమిషాలకు కిలోమీటరు పోవాలి. చెల్లెళ్ళకు టెస్ట్ స్పీడే 6:40, కాబట్టి తొమ్మిది, పది నిమిషాలు పట్టినా, మధ్యలో నడిచినా తప్పులేదు.

వాచ్ లేకపోతే మాట చాలు. పక్కన ఉరికేవాడితో పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. మాట తెగితే స్పీడ్ తగ్గించండి. 20 నుంచి 30 నిమిషాలు చాలు. తారు రోడ్డు కన్నా చెరువు కట్ట, మట్టి బాట మంచిది.

వారం ఇట్లా పెట్టుకోండి. సోమవారం 400 రిపీట్స్. మంగళవారం రికవరీ. బుధవారం 40 నిమిషాలు సాఫీగా. గురువారం 800 మీటర్లు మూడు సార్లు గట్టిగా. శుక్రవారం మళ్ళీ రికవరీ. శనివారం 50 నిమిషాలు మెల్లగా. ఆదివారం పూర్తి రెస్ట్.

ఇంకో మాట మన ఊళ్ళవాళ్ళకి. పొద్దంతా పత్తి ఏరినా, మూటలు మోసినా అది కూడా కాళ్ళ మీద బరువే. ఆ మర్నాడు రిపీట్స్ ఉంటే వాటిని ఒకరోజు వెనక్కి జరపండి. రికవరీ రోజున కూడా ఉరకొద్దని చెప్పే నొప్పి ఒకటుంది. ఎముక మీద ఒక్క వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి. అది ఎముక పగులు కావచ్చు, డాక్టర్‌కు చూపించుకోండి. మలాంతో పోదు.

అన్నిటికన్నా కష్టమైంది స్పీడ్ కాదు, సిగ్గు. మెల్లగా పోతుంటే దోస్తులు దాటిపోతారు. "ఏందిరా, బర్లను కొట్టుకపోతున్నవా" అంటరు. ఫోన్ చేసిన తమ్ముడి బాధ కూడా అదే. అందుకే వాడికి ఒక మాట చెప్పిన. రేపు మంగళవారం, పొద్దున ఐదున్నరకు కట్ట మీదికి రా, నేనూ వస్తా. ఇంటి ముచ్చట్లు చెప్పుకుంటూ ఉరుకుదాం. నవ్వేటోళ్ళు ఉంటే ఇద్దరినీ చూసి నవ్వుతరు.

వచ్చే ఎపిసోడ్‌లో లాంగ్ జంప్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.