ఎవరి మనిషివి?



సనత్‌నగర్‌లో ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పెద్దాయన యూనియన్ ఆఫీసు గుమాస్తా. దెబ్బ తగిలి ఎవరైనా వస్తే ముందు కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవారు. తరవాత అడిగేది ‘ఎట్ల తాకింది’ అని కాదు, “మస్టర్ల నీ పేరు ఎవరు రాసుకుంటరు బిడ్డా?” అని. ఆ వయసులో నాకది కటువుగా తోచేది. కార్మికుల నష్టపరిహార చట్టం చరిత్ర తిరగేశాక గాని ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని తెలిసిరాలేదు.

మనకు కూతవేటు దూరంలో ఉన్న రైల్వే లైను, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదు దాకా 1874లో నడిచింది. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో పని ప్రమాదాలకు ఉన్న దిక్కు 1855 నాటి చట్టం ఒక్కటే. మనిషి చనిపోతే కుటుంబం దావా వేయొచ్చు. కానీ తప్పు అవతలివాడిదని రుజువు చేయాలి. అర్ధరాత్రి రెండు బఫర్ల మధ్య నలిగిన మనిషికి సాక్షి ఎవరు?

ఇంగ్లండులో ఇంకో చిక్కు ఉండేది. 1837లో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడికి, మోయలేని బరువు వేసిన బండి విరిగి తొడ ఎముక విరిగింది. యజమాని మీద దావా చెల్లదన్నారు జడ్జీలు. ఆ తీర్పు చుట్టూ అల్లుకున్న సిద్ధాంతం ఏమిటంటే, తోటి పనివాడి పొరపాటుకు యజమాని పూచీ కాదు. రైల్వేలకు ఇంతకన్నా ఏం కావాలి! సిగ్నల్ వేసేవాడు పొరబడితే డ్రైవరు చస్తాడు. ఇద్దరూ తోటి పనివాళ్లే.

1897లో అక్కడ, 1923లో ఇక్కడ ఆ ముడి విప్పారు. మన చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. యజమాని తప్పు చూపించనక్కరలేదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని తేలితే చాలు. రైల్వే ఉద్యోగిని నిర్వచనంలోనే చేర్చారు, ఆఫీసుల్లో పర్మినెంటుగా పనిచేసేవాళ్లను మినహాయించి. సొమ్ము మాత్రం పిసినారిగా కొలిచారు: ప్రాణం పోతే ముప్పై నెలల జీతమో 2,500 రూపాయలో, ఏది తక్కువైతే అది.

ఆ చట్టం వెనక ఒక పట్టిక ఉండేది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 30 శాతం పోయినట్టు, ఒక చేతికి నాలుగు వేళ్లూ పోతే 50. లెక్క వేసి చూద్దాం. 2020 జనవరి నుంచి ఆ చట్టం కింద నెలజీతం ఎంతున్నా లెక్కకు తీసుకున్నది 15,000 వరకే. నలభై ఏళ్లవాడికి గుణకం 184.17. పూర్తిగా పనికిరాకుండా పోతే జీతంలో 60 శాతాన్ని దానితో హెచ్చవేయాలి: 16,57,530 రూపాయలు. బొటనవేలొకటే పోతే అందులో 30 శాతం, 4,97,259.

పట్టికకు వేళ్లు తెలుసు, పని తెలియదు. ఆ మాట 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒడిశా జయపురంలో, సినిమా హాల్లో పనిచేస్తూ పడి ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసది. ఒంటిచేత్తో వడ్రం సాగదు గనుక నష్టం నూటికి నూరు అన్నారు. బకాయి నష్టపరిహార కమిషనర్ తీర్పు రోజు నుంచి కాదు, దెబ్బ తగిలిన రోజు నుంచే లెక్క అని కూడా అన్నారు.

సనత్‌నగర్‌లో ఒక తమాషా ఉంది. ఇక్కడ అంత పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి ఉందా, పక్కన పట్టాల మీద దెబ్బ తిన్న రైల్వే మనిషి లాలాగూడ రైల్వే ఆసుపత్రికి పోవాలి. 1948 ఈఎస్ఐ చట్టం ‘ఫ్యాక్టరీ’ అన్న మాటలోంచి రైల్వే రన్నింగ్ షెడ్‌ను తీసేసింది. ఆల్విన్ ఫ్యాక్టరీలో చేసినవాళ్లు ఒక గేటుకు, రైల్వేవాళ్లు ఇంకో గేటుకు. ఆ ఆల్విన్‌లో కూలీగా మొదలైన అంజయ్యగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని కార్మిక శాఖ భవనానికి ఆయన పేరే.

రెండు గేట్లూ తెరుచుకోని మనిషి ఒకడున్నాడు, కాంట్రాక్టు కూలీ. 1923 చట్టంలో 12వ సెక్షన్ వాడి కోసమే రాశారు: కాంట్రాక్టరు కింద పనిచేసినా, ఆ పని అసలు యజమాని వ్యాపారంలో భాగమైతే అసలు యజమానే ఇచ్చుకోవాలి, తరవాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. 2025 నవంబరు 21న పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఇంటి నుంచి పనికొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్నీ, పనితో సంబంధం ఉంటే, కలిపింది. కానీ కాయితం లేనివాడికి ఏ కోడ్ అయినా ఒకటే.

ఒకసారి వ్యాగన్ తలుపు కింద వేళ్లు నలిగిన హమాలీని తీసుకొచ్చారు. “వాడు నా మనిషి కాదు” అన్నాడు కాంట్రాక్టరు. గుమాస్తాగారు ఆ హమాలీ చొక్కా జేబులో వెతికారు. చెమటకు తడిసి, రెండుగా మడిచిన బస్తాల లెక్క చిట్టీ దొరికింది. కింద మేస్త్రీ సంతకం, పైన తారీఖు. దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టి, పాల ప్యాకెట్ కవరు కడిగి అందులో పెట్టి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు బస్సెక్కారు.