గ్రంథాలయం గోడ మీది పక్షులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా బ్యాచి తరఫున గ్రంథాలయానికి పన్నెండు పక్షుల బొమ్మలు ఫ్రేములు కట్టించి ఇచ్చాం. పొద్దున వాటిని చూసి కొందరు మిత్రులు నన్ను సూటిగానే అడిగారు: "ఇవి అసలువి కావు, నకళ్లే కదా! ఈ డబ్బుతో ఒక ప్రొజెక్టరు వచ్చేది కదా?" అడగదగ్గ ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే మైకు అందుకున్నాను.

ఈ బొమ్మలకు మూలం జాన్ జేమ్స్ ఆడుబాన్ అనే చిత్రకారుడి 'బర్డ్స్ ఆఫ్ అమెరికా'. 1827 నుంచి 1838 వరకు భాగాలుగా వెలువడింది. మొత్తం 435 బొమ్మలు. ప్రతి పక్షినీ అది ఉన్నంత సైజులోనే చూపించాలని ఆయన పట్టు. అందుకని కాగితం సుమారు 39 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు పెట్టారు. అయినా ఫ్లెమింగో పట్టలేదు. దాని మెడ కిందికి వంచి గీయాల్సి వచ్చింది. పక్షులను కాల్చి, తీగలతో నిలబెట్టి ఆయన బొమ్మలు వేసేవాడు. ఆ సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి.

అప్పటికి ఇలాంటి బొమ్మలను రంగుల్లో అచ్చువేసే యంత్రం లేదు. ఆయన బొమ్మను చూసి రాగిరేకు మీద గీతలు చెక్కి, నీడల కోసం రేకును ఆమ్లంతో తినిపించేవారు. నల్లసిరాతో అచ్చు తీశాక రంగులన్నీ మనుషులే కుంచెతో అద్దేవారు. ఎదురుగా ఒక నమూనా ప్రతి. దానితో సరిపోల్చుకుంటూ ఒక్కొక్క కాగితం పూర్తిచేయాలి. ఫ్యాక్టరీలో మాస్టర్ శాంపిల్ పక్కన పెట్టుకుని పనిచేసిన వాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది.

మొదటి పది రేకులు ఎడిన్‌బరోలో లిజార్స్ చెక్కాడు. 1827లో అక్కడ రంగులు వేసే పనివాళ్లు సమ్మె చేశారు. పని ఆగిపోయింది. ఆడుబాన్ లండన్‌లోని రాబర్ట్ హావెల్ దగ్గరికి వెళ్లాడు. మిగతా పుస్తకమంతా అక్కడే తయారైంది. ఈ బొమ్మల కింద గీసినవాడి పేరుంటుంది, చెక్కినవాడి పేరుంటుంది. చేయి ఆపితే పుస్తకమే ఆగిపోయిన ఆ రంగుల పనివాళ్ల పేర్లు మాత్రం ఉండవు.

ఇక ఆ రాగిరేకుల సంగతి. ఆడుబాన్ పోయాక చాలా రేకులను పాత రాగి కింద అమ్మేశారు. 1871 ప్రాంతంలో, అమెరికాలోని అన్సోనియా అనే ఊళ్లో, రాగి కార్ఖానా కొలిమిలోకి వెళ్తున్న ఒక రేకు మీద పక్షి ఆనవాలు ఒక పిల్లవాడి కంటపడింది. పేరు చార్లెస్ కౌల్స్, వయసు 14 ఏళ్లు. కార్ఖానా మేనేజరు కొడుకు. తండ్రి పట్టించుకోలేదు. తల్లి విన్నది. ఆమె పూనుకోవడంతో మిగిలిన రేకులు కరగకుండా ఆగాయి. ఇవాళ సుమారు 80 రేకులు భద్రంగా ఉన్నాయి. పెద్దవాళ్లందరికీ అవి తూకానికి వచ్చే రాగి. తొమ్మిదో తరగతి వయసు కుర్రాడికి అవి పక్షులు.

మా పన్నెండు బొమ్మల్లో రెండింటి ముందు కాసేపు నిలబడండి. ఒకటి పాసెంజర్ పావురం. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసేంత గుంపులుగా ఎగిరిన ఈ జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. రెండోది పసుపు తల, ఆకుపచ్చ ఒళ్లున్న కెరొలినా చిలుక. పంజరంలో మిగిలిన చివరిది 1918లో అదే జూలో పోయింది. వాటిని ఇక అడవిలో చూడలేం. మన కడప జిల్లా కలివికోడి కూడా 1900 తర్వాత కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. ఏ పక్షో, ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఊళ్లో ఉండబట్టే అది సాధ్యమైంది.

అసలు ప్రతి కొనే తాహతు మనకు లేదు. కొన్నా బీరువాలో పెట్టి తాళం వేయాలి. నకలైతే పిల్లలు ముక్కు ఆనించి చూడొచ్చు. ఆడుబాన్ పేరుతో ఉన్న అమెరికా పక్షి సంరక్షణ సంస్థ ఈ బొమ్మలన్నింటినీ ఉచితంగా నెట్‌లో పెట్టింది. మాకు ఖర్చయింది అచ్చుకీ, ఫ్రేములకీ మాత్రమే.

గురువులకు మూడు విన్నపాలు. ఒకటి: ప్రతి బొమ్మ కింద మేము రాయించిన చీటీలో 'నకలు' అన్న మాట ఉంది, దాన్ని అలాగే ఉంచండి. రెండు: గ్రంథాలయంలో ఒక భూతద్దం పెట్టండి. మన అచ్చులో రంగు సన్నని చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. కుంచెతో వేసిన రంగులో ఆ చుక్కలుండవు. తేడా ఎందుకో పిల్లల చేతే చెప్పించండి. మూడు: ఆ గోడ మీద పదమూడో మేకు కొట్టించి ఖాళీగా వదిలాం. మన బడి చెట్ల మీద వాలే పక్షిని చూసి ఈ ఏడాది ఎవరైనా విద్యార్థి బొమ్మ గీస్తే, ఫ్రేము కట్టించి అక్కడ తగిలించండి. దాని కింద ఆ విద్యార్థి పేరు రాయడం మరిచిపోవద్దు.