సముద్రము దాటి వచ్చిన బిడ్డలు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ కుటుంబమును గూర్చి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. కన్నబిడ్డలను గూర్చి ఇదివరకే పెద్దలు చెప్పియున్నారు గనుక, నేను పెంచుకున్న బిడ్డలను గూర్చి, ముఖ్యముగా ఒక బిడ్డ కొరకు దేశము దాటి వెళ్లిన కుటుంబములను గూర్చి చెప్పదలచాను.

దత్తత మనకు క్రొత్త సంగతి కాదు. మొర్దెకై తలిదండ్రులు లేని ఎస్తేరును కుమార్తెగా పెంచాడు. విశ్వాసులు దేవునికి దత్తపుత్రులని పౌలు రోమా సంఘమునకు వ్రాశాడు. ఫరో కుమార్తె ఏటిలో దొరికిన మోషేను పెంచుకున్నది. అయితే ఆ మోషేకు పాలిచ్చిన దాది అతని కన్నతల్లియే. రాజగృహములో పెరిగినను తన జనులెవరో అతడెరుగును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడని మనవి.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రములో హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అను రైతు దంపతులుండేవారు. వారికి ఆరుగురు బిడ్డలు. కొరియా యుద్ధములో దిక్కులేనివారైన పసివారిని గూర్చిన చిత్రమును 1954లో ఒక కూడికలో చూశారు. పరదేశ సైనికులకు పుట్టిన ఆ బిడ్డలను అక్కడి సమాజము చేరదీయలేదు. హోల్ట్ దంపతులు ఎనిమిదిమందిని పెంచుకొన నిశ్చయించారు. అప్పటి చట్టము ఒక కుటుంబమునకు ఇద్దరినే అనుమతించేది. 1955లో అమెరికా కాంగ్రెసు వారి కొరకు ప్రత్యేక చట్టము చేసింది. గుండెజబ్బు మనిషియైనను హ్యారీ కొరియా వెళ్లాడు. దారిలో టోక్యోలో బైబిలు తెరువగా యెషయా 43వ అధ్యాయము కంటబడినదట. ఆ అక్టోబరులో పన్నెండుమంది పిల్లలతో తిరిగి వచ్చాడు. వారిలో ఎనిమిదిమంది ఆ ఇంటి బిడ్డలైరి.

ఇది విశ్వాసపు కథయే. కాని కథ అక్కడితో ముగియలేదు. వారి వెనుక వేలాది కుటుంబములు బయలుదేరాయి. కొరియా నుండి లక్షన్నరకు పైగా బిడ్డలు పరదేశములకు వెళ్లారు. ఆ బిడ్డలు పెద్దవారై తమ కన్నవారిని వెదకుచు తిరిగి వచ్చినప్పుడు, అనేకుల కాగితములు అబద్ధమని తేలింది. తల్లి బ్రతికియుండగానే అనాథయని వ్రాశారు. 2025లో ఆ దేశపు సత్యశోధన కమిషను ఈ తప్పులను బహిరంగముగా ఒప్పుకున్నది.

అది పరాయివారి సంగతి యని మనము తప్పుకొనలేము. 1999లోను, 2001లోను మన తెలుగు నేలపైననే లంబాడీ తండాలలోని పేదతల్లుల యొద్ద ఆడపిల్లలను కొద్దిపాటి సొమ్ముకు కొని, దత్తత పేరున పరదేశములకు పంపిన వ్యవహారము బయటపడింది.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకొనవలెను. అంతకు కొన్నేండ్ల ముందు, ఒక శిశుగృహమునకు పరదేశమునుండి వచ్చిన దంపతులకు నేను దుబాసీగా వెళ్లాను. బిడ్డను ఒడిలోకి తీసుకుని ఆ తల్లి ఏడ్చింది. తరువాత నాతో, ‘రేపు ఈ పిల్ల తన అమ్మ ఎవరని అడిగితే ఏమి చెప్పను? పేరైనా కనుక్కోండి’ అన్నది. అడిగాను. ఆయా తల వంచుకున్నది. గుమాస్తా ఫైలు చూచి, ‘తెలియదని వ్రాయండమ్మా’ అన్నాడు. నేను ‘తెలియదట’ అని చెప్పి ఊరకున్నాను. అక్కడ తప్పు జరిగినదని నేననను. మరల అడుగకపోవుట మాత్రము నా తప్పు. ఆ ఆయా తల వంచిన తీరు నేటికిని నా కన్నుల ఎదుటనే ఉన్నది.

దేవుని దయవలన నేడు చట్టము గట్టిపడినది. లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లో సుప్రీంకోర్టు, ముందుగా బిడ్డకు స్వదేశములోనే ఇల్లు వెదకవలెనని నిర్దేశించింది. 1990లో ‘కారా’ అను కేంద్ర సంస్థ ఏర్పడినది. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువున్నది. ఒకప్పుడు క్రైస్తవులమైన మనము 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులము మాత్రమే కాగలిగేవారము. 2000లో వచ్చి, 2006లో సవరింపబడిన బాలల న్యాయచట్టము మనలను కూడ పూర్తిగా తలిదండ్రులను చేసినది.

కావున మూడు మనవులు. బిడ్డలు లేని దంపతులారా, ఆసుపత్రిలో గుట్టుగా చేతులు మార్చుకొనక, చట్టప్రకారము కారా ద్వారానే బిడ్డను తెచ్చుకొనుడి. తెచ్చుకున్నవారలారా, నిజమును దాచకుడి. ఇరుగుపొరుగు నోట వినకముందే మీ నోట, ప్రేమతో చెప్పుడి. సంఘస్థులారా, పేదరికమువలన బిడ్డను వదలుకొన చూచు తల్లి మీ వీధిలో ఉన్న యెడల, ముందు ఆమెను ఆదుకొనుడి. యోకెబెదు తన బిడ్డకు తానే పాలిచ్చుటకు ఫరో కుమార్తె జీతమిచ్చినది గదా!

నూరేండ్లు మనలను పోషించిన తండ్రి, దిక్కులేని ప్రతి బిడ్డకు ఒక ఇంటిని, ఆ ఇంటికి సత్యము పలుకు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.