చీనా దేశపు లేఖకులు

 

చీనా దేశమనగానే పట్టు, పింగాణి, తేయాకు మనకు స్ఫురించును. పుస్తకప్రియులైనవారికి 7వ శతాబ్దమున బౌద్ధగ్రంథములకై భరతఖండమునకు వచ్చి, కృష్ణాతీరమున ధాన్యకటకములో కొన్ని మాసములుండి శాస్త్రము చదువుకొనిన హ్యూయన్ సాంగు కూడ జ్ఞప్తికి వచ్చును. ఆ యాత్రికుడు తాను చూచినది, విన్నది వ్రాయించి పెట్టినాడు గనుకనే ఆనాటి మన దేశపు సంగతులు కొన్ని దక్కినవి. వ్రాసిపెట్టు నలవాటు ఆ జాతికి నిన్న మొన్నటిది కాదు. గ్రంథాలయము పేర కూడిన ఈ సభలో, వ్రాతకొరకు ప్రాణములనో మానమునో ఒడ్డిన ఆ దేశపువారిని కొందరిని తలచుకొనుట సముచితము.

పూర్వము చీనా చిన్న చిన్న రాజ్యములుగా నుండెడిది. రాజుల కొలువున లేఖకులుండెడివారు. ఆ యుద్యోగము తరచుగా తండ్రి నుండి కుమారునకు వచ్చెడిది. అప్పటికింకను కాగితము లేదు. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, ఒక్కొక్క బద్దమీద పైనుండి క్రిందికి ఒక్కొక్క వరుస కుంచెతో వ్రాసి, ఆ బద్దలను త్రాటితో అల్లి చాపవలె చుట్టెడివారు. తప్పు పడినచో చిన్న కత్తితో గీకి మరల వ్రాయుదురు. అందుచేత ఆ దేశమున చిన్న గుమాస్తాలకు ‘కత్తి కుంచెలవారు’ అను పేరు కూడ కలదు. అది అంత గౌరవముతో పెట్టిన పేరు కాదులెండి. తాటాకు కవిలెలను, గంటమును ఎరిగిన పెద్దలకు ఇందులో వింత యుండదు. కాని ఒక్క భేదము కలదు. గంటపు గీత చెరుగదు. వెదురుమీది సిరా గీకినచో పోవును. చెరపుట ఇంత సులభమైన చోటనే, చెరపనీయని వారి కథ జరిగినది.

క్రీ. పూ. 548లో చీ అను రాజ్యమును జ్వాంగ్ అను ప్రభువు పాలించుచుండెను. ఆయన మంత్రి త్సుయ్ జూ. ప్రభువు మంత్రి భార్యపై మనసుపడి మాటిమాటికి వాని యింటికి పోయెడివాడు. అంతటితో నూరుకొనక, మంత్రి టోపీని అతని యింటినుండి తెచ్చి ఇతరులకు బహుమానముగా ఇచ్చెను. త్సుయ్ జూ రోగమని నెపముపెట్టి కొలువునకు రాక యింటనుండెను. పరామర్శించు మిషతో వచ్చిన ప్రభువును అతని మనుష్యులు చుట్టుముట్టిరి. ప్రాణము విడువుమని వేడెను, వినలేదు. పితృదేవతల మందిరములోనైన చావనిండనెను, వినలేదు. గోడ యెక్కి పారిపోబోగా తొడలో బాణము తగిలి వెనుకకు పడెను. అక్కడనే చంపివేసిరి. త్సుయ్ జూ మృతుని తమ్ముని గద్దెపై కూర్చుండబెట్టి తానే సర్వాధికారియయ్యెను.

కొలువులోని లేఖకుడు ఆ సంవత్సరపు బద్దమీద త్సుయ్ జూ తన ప్రభువును వధించెనని వ్రాసెను. వారి లిపిలో మొత్తము ఐదక్షరములు. త్సుయ్ జూ ఆ లేఖకుని చంపించెను. అతని తమ్ముడు ఉద్యోగమునకు వచ్చి అదే మాట వ్రాసెను, వానిని చంపించెను. మరియొక తమ్ముడు అదే వ్రాసి తానును చచ్చెను. నాలుగవవాడు వచ్చి కుంచె తీసికొని మరల ఆ మాటయే వ్రాసెను. ఇక చంపుటకు త్సుయ్ జూకు మనసొప్పలేదో, చంపి లాభములేదని తెలిసినదో, వానిని విడిచిపెట్టెను.

ఇంతలో దక్షిణ లేఖకుడని పిలువబడు వేరొకడు, ఆ కుటుంబములోని వారందరును చచ్చిరని విని, తన వెదురు బద్దలు చంకబెట్టుకొని బయలుదేరెను. త్రోవలో, వ్రాయవలసినది వ్రాయబడినదని తెలిసెను. తెలిసి వెనుకకు తిరిగి యింటికి పోయెను. కథలో అతడు చేసినదంతయు ఇదియే. అయినను చచ్చిన ముగ్గురికంటె ఈ తిరిగిపోయినవాడే ఎక్కువగా మనసులో నిలుచును.

ఇందు గమనింపదగినది, జ్వాంగ్ ప్రభువు మంచివాడు కాడు. అన్నదమ్ములు వానిని పొగడుటకు చావలేదు. జరిగినది జరిగినట్లుండవలెనన్నదే వారి పట్టుదల. త్సుయ్ జూకు తన కోపము న్యాయమేయని చెప్పుకొనుటకు చోటున్నది. లెక్క తప్పుగా వ్రాయించుటకు మాత్రము చోటు లేకపోయినది. రెండేండ్లకే అతని కొడుకులలో కలహము పుట్టి యిల్లు నాశనమై, తుదకు తానే యురిపోసికొనెను. మూలకథలో ఆ లేఖకుల పేర్లు లేవు. హంతకుని పేరు మాత్రమే నిలిచినది. అది వారు వ్రాసినందువలననే.

తరువాత క్రీ. పూ. 221లో చిన్ రాజు తక్కిన రాజ్యములన్నింటిని జయించి చక్రవర్తియయ్యెను. క్రీ. పూ. 213లో మంత్రి లీ సూ మాట విని పాతగ్రంథములను కాల్పించెను. వైద్యము, జ్యోతిషము, వ్యవసాయము పుస్తకములను విడిచిరి. చిన్ రాజ్యపు చరిత్రను విడిచిరి. ఓడిన రాజ్యముల చరిత్రలనెల్ల తగులబెట్టిరి. ఫూ షెంగ్ అను పండితుడు ఒక ప్రాచీన గ్రంథమును తన యింటి గోడలో పెట్టి కప్పివేసెను. యుద్ధములు ముగిసి వచ్చి త్రవ్విచూడగా చాల భాగము పోయి, 29 అధ్యాయములు మిగిలెను. వానినే అతడు పిల్లలకు పాఠము చెప్పెను. హాన్ వంశపు చక్రవర్తి అతనిని పిలిపింపనెంచునప్పటికి అతనికి 90 ఏండ్లు దాటినవి, నడువలేడు. అందుచేత రాజధాని నుండి ఒక యుద్యోగియే శిష్యుడై అతని యింటికి పోయి నేర్చుకొనవలసివచ్చెను.

ఆ హాన్ వంశపు కాలముననే సీమా చియెన్ పుట్టెను. తండ్రి సీమా తాన్ కొలువు లేఖకుడు. క్రీ. పూ. 110లో మరణశయ్యపై కొడుకు చేయి పట్టుకొని కన్నీరు కార్చి, తాను తలపెట్టిన చరిత్రను పూర్తిచేయుమని అప్పగించెను. చియెన్ గదిలో కూర్చుండి వ్రాసినవాడు కాడు. ఇరువదవయేట బయలుదేరి దేశమంతయు తిరిగి ముసలివారిని అడిగి తెలిసికొనెను. హోయాంగ్ హో నది క్రీ. పూ. 132లో గట్టు తెంచుకొని, ఇరువది యేండ్లకు పైగా పొలములను ముంచుచుండగా, క్రీ. పూ. 109లో చక్రవర్తి స్వయముగా వచ్చి నిలిచి, సేనానులు మొదలు ఉద్యోగులందరి చేతను కంపమోపులు మోయించి గండి పూడ్పించెను. ఆ మోపులు మోసినవారిలో చియెన్ ఒకడు. తరువాత నదులను, కాలువలను గురించి ఒక అధ్యాయమే వ్రాసెను. గండి పడిన రాత్రి నెరిగిన యూళ్లవారికి ఆ అధ్యాయపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

క్రీ. పూ. 99లో లీ లింగ్ అను సేనాని 5,000 కాల్బలముతో ఉత్తరదిక్కున హూణులవంటి షియుంగ్ను జాతివారిపై పోయి, బాణములు అయిపోవువరకు పోరాడి, సహాయము రాక లొంగిపోయెను. నిన్నటివరకు వానిని పొగడినవారందరును నేడు తిట్టదొడగిరి. చియెన్‌కు అతడు ప్రాణస్నేహితుడు కాడు. అయినను చక్రవర్తి అడుగగా, లీ లింగ్ చేసిన పోరాటమును గూర్చి ఉన్న మాట చెప్పెను. చక్రవర్తి దానిని ధిక్కారముగా గ్రహించెను. మరణశిక్ష పడెను. ధనమిచ్చి తప్పించుకొనవచ్చును, ఇంటిలో ధనము లేదు, ఇచ్చు మిత్రుడును కనబడలేదు. మిగిలిన త్రోవ పుంస్త్వము తీయించుకొనుట. అట్టి యవమానముకంటె ఆత్మహత్యయే మేలని ఆనాటి పెద్దమనుష్యుల నమ్మకము. చియెన్ బ్రతుకుటయే కోరుకొనెను. తరువాత ఒక మిత్రునకు వ్రాసిన జాబులో అందుకు కారణము చెప్పినాడు: పుస్తకము ఇంకను పూర్తికాలేదు.

పూర్తిచేసెను. రాజుల చరిత్రలు 12, కాలపట్టికలు 10, శాస్త్రవిషయములు 8, ప్రభువంశములు 30, వ్యక్తుల కథలు 70, వెరసి 130 అధ్యాయములు. అక్షరములు 5,26,500 అని తానే లెక్కకట్టి గ్రంథాంతమున చేర్చెను. అందులో రాజులతోపాటు వర్తకులు, విదూషకులు, హంతకులు కూడ కలరు. తనను శిక్షించిన చక్రవర్తి ధనమునకై ప్రజలను పీడించిన తీరును సైతము దాచలేదు. ఆ చక్రవర్తి యింకను గద్దెమీద నున్నాడు. అందుచేత ఒక ప్రతిని కొండలలో దాచవలెనని, ఒకటి రాజధానిలో నుంచవలెనని ఏర్పాటు చేసికొనెను.

చియెన్ ఎప్పుడు చనిపోయినదియు ఎవరును వ్రాసిపెట్టలేదు. ఆయన కుమార్తె కుమారుడు యాంగ్ యున్ తాతగారి గ్రంథమును చదువుకొనుచు పెరిగి, మనుమల కాలపు చక్రవర్తి వచ్చిన పిమ్మట దానిని పెట్టెలోనుండి తీసి పదిమంది చేతులలో పెట్టెను.