సంకల్పములో దిక్కు

శ్రీశైలమునకు మనము ఏ దిక్కున ఉన్నామో సంకల్పములో చెప్పుకొందుము గదా. భాగ్యనగరమునుండి విశాఖకు విమానమున పోవుచుండగా సాయంసంధ్యా సమయమయ్యెను. తెలియని దిక్కును పలుకుటకు మాకు మనసొప్పలేదు. శిష్యుడొకడు సిబ్బంది అనుమతితో చేతి జి.పి.ఎస్. యంత్రమును తీసెను. నడవ ప్రక్క ఆసనమున అది మూగవోయెను. కిటికీకి చేర్చగా, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నాలుగింటి సంకేతములను అందుకొని, ఉత్తర అక్షాంశము 17.5, తూర్పు రేఖాంశము 81 అని చూపెను. శ్రీశైలము సుమారు 16, 79 వద్ద నున్నది. కావున ఈశాన్యమని సంకల్పించితిమి. ఆ యంత్రము ఆకాశమునకు ఏమియు పంపదు; వచ్చినదానిని గ్రహించుటయే దాని పని. లోహపు గోడ అడ్డమైనచో అదియు సాగదు. భగవదనుగ్రహము నిత్యము కురియుచునే యున్నది. అహంకారమను గోడను వీడి కిటికీ చెంతకు చేరుట మన వంతు. స్వస్తి.